మూడంగుళాల గడప

నేను పడింది 2018 శ్రావణమాసంలో. వరలక్ష్మీ వ్రతం, వెనకాలే వినాయక చవితి, కొబ్బరికాయకి గిరాకీ. ఊళ్లో దింపులన్నీ ఒక్కసారే మీద పడతాయి. మా నాన్న దింపు తీసేవాడు, నేనూ అదే పని. పదో తరగతి పాసయ్యాక చెట్టెక్కాను, ఇరవై రెండేళ్లు ఎక్కాను. వెదురు గెడకి కత్తి కట్టి కింద నిలబడే కోసేవాళ్లున్నారు గాని, పాత తోటల్లో పొడుగు చెట్లకి గెడ అందదు. ఆ రోజు వాన వెలిసి గంటయింది. మాను ఇంకా తడిగానే ఉంది. ఎంత ఎత్తు నుంచి పడ్డానో నాకు తెలీదు. కింద ఉన్నవాళ్లలో ఒకడు పాతిక అడుగులన్నాడు, ఇంకొకడు ముప్ఫై అన్నాడు.

పడ్డాక నొప్పి కంటే ముందు తికమకగా అనిపించింది. కాళ్లు కనిపిస్తున్నాయి. ఎవరివో కాళ్లు తెచ్చి నా పక్కన పెట్టినట్టున్నాయి. "లేపండ్రా, ముందు లేపండి" అన్నారెవరో. ఇద్దరు చంకల కింద చేతులేశారు, ఒకడు కాళ్లు పట్టుకున్నాడు. నడుం దగ్గర ఖాళీ గోనెసంచిలా మడతపడ్డాను. ఆటోలో ఇద్దరి మధ్య కూర్చోబెట్టి, తల ఒకడి భుజం మీద ఆనించి, ఉప్పలగుప్తం నుంచి అమలాపురం తీసుకెళ్లారు. అక్కణ్ణుంచి కాకినాడ. కాకినాడలో డాక్టరు గారు నా కాలి బొటనవేలు పట్టుకుని అడిగిన మొదటి ప్రశ్న: "ఎలా తీసుకొచ్చారు?" మా పెదనాన్న కొడుకు గర్వంగా చెప్పాడు: "ఒక్క నిమిషం ఆలీసం చెయ్యలేదండి, ఆయ్. ఆటోలో కూర్చోబెట్టి తెచ్చేశామండి." డాక్టరు గారు మారు మాట్లాడలేదు.

వెన్నులో నరాల తీగ పడ్డప్పుడే నలిగిందో, మోతలో నలిగిందో ఎవరూ చెప్పలేరు. మోసినవాళ్లు నా ప్రాణస్నేహితులు. వాళ్లని ఒక్క మాటా అనను. ఆ సంగతి చివర్లో మళ్లీ చెబుతాను.

నడుం పైభాగాన ఎల్1 అనే పూస నలిగింది. స్క్రూలు, రాడ్లు వేసి బిగించారు. నాలుగు గంటలు పట్టింది. "ఆపరేషన్ సక్సెస్" అన్నారు. ఆ మాట ఇంటిల్లిపాదికీ ఒకలా అర్థమైంది: సంక్రాంతికల్లా నడుస్తాడని. ఎముక నిలబడింది అని వాళ్ల భావం. మనిషి నిలబడతాడని మేం అనుకున్నాం. ఈ తేడా విడమరిచి చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అందుకని ఇంట్లో ఏమీ మార్చలేదు. నడిచేవాడికి ఇల్లెందుకు మార్చాలి?

నవారు మంచం మీద పడుకోబెట్టారు. రోజూ నూనె రాసి కాళ్లు తోమేవారు. రెండు గంటలకోసారి పక్క మార్చాలని మాకు తెలీదు. నవారు కుంగి, నడుం కింద చర్మం ఒరిసి, మొదట ఎర్రటి మచ్చ, తర్వాత పుండు. స్పర్శ లేదు కాబట్టి నాకు తెలియలేదు. వాసన వచ్చాక మా ఆవిడ చూసింది. సంక్రాంతి నాటికి అందులో నిమ్మకాయ పట్టేంత గొయ్యి. కనుమ నాడు మా కుర్రాళ్లు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తూ పలకరించడానికి వచ్చారు. గుమ్మంలోనే ఆగి మాట్లాడారు. లోపలికి ఎందుకు రాలేదో నాకు తెలుసు.

2019లో రాయవెల్లూరు వెళ్లాం. కోనసీమకి రైలు లేదు. కోటిపల్లి నుంచి నరసాపురం లైను గురించి మా నాన్న కుర్రతనం నుంచీ వింటున్నాం. రాజమండ్రి దాకా కారులో వెనక సీటు మీద పడుకుని, అక్కణ్ణుంచి కాట్పాడికి రైలు. దివ్యాంగుల పెట్టె రైలుకి ఒక చివర ఉంటుంది. ప్లాట్‌ఫారం మీద రెండో చివరకి వెళ్లామంటే బండి తప్పినట్టే. స్లీపరులో నాకూ తోడొచ్చినవారికీ టిక్కెట్టులో 75 శాతం రాయితీ ఉందని బుకింగులో కూర్చున్నాయన చెప్పేదాకా మాకు తెలియదు.

వెల్లూరు సి.ఎం.సి. వాళ్ల పునరావాస కేంద్రం ఊరికి కాస్త ఎడంగా బాగాయంలో ఉంది. దాన్ని నిలబెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ గురించి అక్కడ అందరికీ తెలుసు. 1954లో కారు ప్రమాదంలో ఆవిడకి నడుం కింద చచ్చుబడింది. అప్పటికి ఆవిడ కుర్ర డాక్టరు. ఆ తర్వాత చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకి ఆపరేషన్లు చేసింది. 1966లో ఈ కేంద్రం తెరిచారు. నిజం చెప్పాలంటే ఈ కథ విన్న మొదటి రోజు నాకు ఒళ్లు మండింది. ఆవిడ డాక్టరు, చేతులతో బతికే మనిషి, నేను చెట్టెక్కి బతికేవాణ్ణి అనుకున్నాను. వారం తర్వాత వ్యాయామం చేయించే అమ్మాయి నా భుజాలు నొక్కి చూసి, వచ్చీ రాని తెలుగులో "ఇంత బలం ఇక్కడ ఎవరికీ లేదన్నా" అంది. ఇరవై రెండేళ్లు మాను పట్టుకుని ఎగబాకిన భుజాలు. కుర్చీలోంచి మంచం మీదకి, మంచం మీంచి కుర్చీలోకి జారడం మిగతావాళ్లకి నెల పడితే నాకు తొమ్మిది రోజులు పట్టింది.

పుండు మానడానికే చాలా రోజులు పోయాయి. ఆ తర్వాత బడి మొదలు. కుర్చీలో పావుగంటకోసారి చేతుల మీద ఒళ్లు పైకెత్తాలి. నాలుగు గంటలకోసారి సన్నటి గొట్టం వేసుకుని మూత్రం తీసుకోవాలి. రోజు విడిచి రోజు, అదే వేళకి, దొడ్డికి కూర్చోవాలి. అద్దం పట్టుకుని పిర్రలు చూసుకోవాలి. సిగ్గు మొదటి వారం ఉంటుంది. ఇవి రాయడానికి ఇప్పుడు నాకు సిగ్గు లేదు. చదివేవాళ్ల ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే, వాళ్లకి కావలసింది ఇవే.

ఒక రోజు అక్కడివాళ్లు అడిగారు: "మీ ఇంటి గుమ్మం వెడల్పెంత?" నేనూ మా ఆవిడా మొహాలు చూసుకున్నాం. ఏళ్ల తరబడి ఉంటున్న ఇల్లు. గుమ్మం ఎంతో ఎవరికి తెలుసు? మా బావమరిదికి ఫోన్ చేశాం. వాడు టేపు పట్టుకుని, ఒక్కో కొలతా ఫోన్లో అరుస్తుంటే మా ఆవిడ మందుల చీటీ వెనక రాసుకుంది. వీధి గుమ్మం మూడున్నర అడుగులు, గడప మూడంగుళాలు. గది గుమ్మం మూడడుగులు, దానికీ గడప. బాత్రూం తలుపు రెండడుగులు. అరుగు ఎత్తు మూడున్నర అడుగులు, ఆరు మెట్లు. వాకిట్లోంచి రోడ్డుకి పద్దెనిమిది అడుగులు, మధ్యలో పంట బోదె, బోదె మీద రెండు తాటిపట్టెలు.

ఆ చీటీ చూసుకున్నాక తెలిసింది, నేను మా ఇంటికి వెళ్లలేనని.

అరుగు అంత ఎత్తు ఎందుకో చెప్పాలి. 1996 నవంబరు 6 తుఫాను మా వైపు వాళ్లెవరూ మర్చిపోలేరు. మా పెంకుటిల్లు ఆ రాత్రే పోయింది. తర్వాత డాబా వేసినప్పుడు మా నాన్న ఒకటే పట్టు పట్టాడు, ఈసారి నీళ్లు గడప తొక్కకూడదని. ఇసుక నింపించి నింపించి పునాది లేపాడు. వీధిలో అందరి అరుగుల కన్నా మాది ఒక మెట్టు ఎక్కువ. అది ఆయన గొప్ప. కోనసీమలో నీళ్లకి భయపడి కట్టిన ప్రతి ఇల్లూ ఇంతే, చక్రాల కుర్చీవాడికి కోట.

ర్యాంపు లెక్క వెల్లూరులో నేర్పారు: అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు. మూడున్నర అడుగులకి నలభై రెండు అడుగులు. మాకున్నది పద్దెనిమిది. మేస్త్రి గారు వచ్చి చూసి, "పద్దెనిమిదిలోనే ఏటవాలుగా పోసేద్దామండి, బండెక్కుద్ది గదా" అన్నారు. మోటారు సైకిలుకి ఇంజనుంది, నాకు లేదని చెప్పాను. రెండు రోజుల వాదన తర్వాత ఇంటి పక్క సందులోకి మలుపు తిప్పాం. మలుపు దగ్గర కుర్చీ నిలబడేలా అయిదడుగుల చదును. మొత్తం ముప్ఫై అడుగులు వచ్చింది. నలభై రెండు రాలేదు. దిగడం నేనే దిగుతాను, ఎక్కడానికి మూడు రోజుల్లో రెండు రోజులు ఎవరో ఒకరు వెనక చెయ్యి వెయ్యాలి. దారికి ఒక కొబ్బరిచెట్టు అడ్డొచ్చింది. అందరూ నా మొహం చూశారు. ఉంచమన్నాను. చెట్టు మీద నాకేం కోపం లేదు. ర్యాంపే కాస్త ఒరిగింది. సిమెంటు నున్నగా పూసి మెరిపిస్తుంటే ఆపి, పచ్చిగా ఉండగానే కొబ్బరీనెల చీపురుతో అడ్డగీతలు గీయించాను. మొదటి వానకే మేస్త్రి గారు ఒప్పుకున్నారు.

బోదె మీద తాటిపట్టెలు తీసేసి తూములు వేసి, పైన కాంక్రీటు పోశాం. వాకిలంతా ఇసుక. కుర్చీ ముందు చిన్నచక్రాలు ఇసుకలో దిగబడి, మనిషి ముందుకి బోర్లా పడతాడు. ఒకసారి పడ్డాను కూడా. అందుకని తూము నుంచి ర్యాంపు దాకా కడప రాళ్లు పరిపించాం.

ఇక గడప. అన్నిటికన్నా చిన్న పని అనుకున్నది అదే. మూడంగుళాల చెక్క, వడ్రంగికి అరగంట. మా అమ్మ ఒప్పుకోలేదు. "గడప కోసేసిన ఇంట్లో లక్ష్మి ఎక్కడ నిలబడుద్ది రా?" అంది. ప్రతి శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టే గడప. మా నాన్న పోయినప్పుడు, మా పెళ్లప్పుడు, నా కొడుకు పుట్టి ఇంటికొచ్చినప్పుడు దాటిన గడప. నేను గట్టిగా మాట్లాడలేకపోయాను. గడపకి అటూ ఇటూ చెక్కలతో వాలు పెట్టాం. ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేచి, దిగేటప్పుడు మనిషి విసిరేసినట్టు పోతాడు. రెండు నెలలు అలాగే. ఒక సాయంత్రం నేను ఒక్కణ్ణే దాటబోయి వెనక్కి పడ్డాను. తల అరుగు బండకి తగిలింది. అమ్మ పెరట్లోంచి వచ్చేసరికి కాళ్లు పైకి, తల కిందకి ఉన్నాను. ఏడవలేదు, అరవలేదు. కొంగు బిగించి నన్ను లేపి, చెప్పులేసుకుని ఎటో వెళ్లింది. వడ్రంగితో తిరిగొచ్చింది.

ఆమే దగ్గరుండి కోయించింది. పూర్తిగా కాదు. రెండు పక్కలా నాలుగేసి వేళ్ల ముక్క వదిలిపెట్టమంది. ఇప్పుడు శుక్రవారం ఆ రెండు ముక్కలకే పసుపు రాస్తుంది. "గడప పోయి కడప రాళ్లొచ్చాయి" అని తనే నవ్వుతుంది. గది గడప మాత్రం ఎవర్నీ అడక్కుండా కోసేశాం.

బాత్రూం దగ్గర లెక్క ఒక్క అంగుళం. తలుపు ఇరవై నాలుగు, చేతిచక్రాలతో కలిపి నా కుర్చీ ఇరవై అయిదు. ఆ అంగుళం కోసం నాలుగు నెలలు పెరట్లో కొబ్బరాకుల దడి కట్టి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి స్నానం చేయించారు. నలభై ఏళ్లవాణ్ణి. దడి సందుల్లోంచి పక్కింటి గేదె చూసేది. డబ్బు కుదిరాక గోడ పగలగొట్టి మూడడుగులు చేశాం. తలుపు పెడితే తెరుచుకోవడానికే చోటు పోతుంది కాబట్టి పరదా వేశాం. కింద కూర్చునే దొడ్డి తీసేసి కమోడ్ పెట్టాం. పక్కన పట్టుకోవడానికి జి.ఐ. పైపు బిగించాం. మొదటిసారి దాన్ని నాలుగంగుళాల గోడకి బిగించారు. నా బరువు పడగానే ఇటుకతో సహా చేతిలోకి వచ్చింది. ఇప్పుడు నేలలో దిగ్గొట్టిన పైపు. ఇంకో మాట. వేడినీళ్లు చేత్తో చూడకుండా కాళ్ల మీద పోసుకోకూడదు. నా ఎడమ పాదం మీద మచ్చ ఉంది. కాలిన సంగతి సాయంత్రం బొబ్బ చూసేదాకా నాకు తెలియదు.

నవారు మంచం గొడ్ల చావిట్లోకి వెళ్లింది. చెక్కమంచం కాళ్లు కోయించి, పరుపుతో కలిపి కుర్చీ ఎత్తుకి సరిచేశాం. స్విచ్చిబోర్డు రెండడుగులు దింపాం. ఇవి పెద్ద కథలు కావు. మాకు ఉప్పుగాలి ఎక్కువ, కుర్చీ బేరింగులు ఏడాదికోసారి తుప్పు పట్టి కీచుమంటాయి. సైకిల్ షాపు అతను మారుస్తాడు. "నువ్వొస్తున్నావంటే ముందే వినబడుద్ది" అంటాడు.

ఇల్లు అయ్యింది, ఊరు మిగిలింది. బస్సు మెట్లు నేను ఎక్కలేను. ఎక్కించడానికి నలుగురు దయగా వస్తారు. ఆ దయలో చొక్కా చిరుగుతుంది, గొట్టం సంచి ఊడుతుంది. 2021లో అప్పు చేసి గేర్లు లేని పాత స్కూటరు కొని, పక్క చక్రాలు వేయించాను. లైసెన్సులో అడాప్టెడ్ వెహికల్ అని రాసిచ్చారు. మొదటి రోజు చల్లపల్లి దాకా వెళ్లొచ్చి, కాలరెగరేసుకుని వాకిట్లో ఆగాను. మా అబ్బాయి నా కాలి వంక చూస్తున్నాడు. కుడికాలు పాదాల పలక మీంచి జారి, రోడ్డు మీద ఈడ్చుకుంటూ వచ్చింది. చెప్పు లేదు, బొటనవేలు చర్మం లేదు. అప్పట్నుంచి రెండు పాదాలకీ పట్టీలు కట్టుకుని గాని తాళం తిప్పను.

పక్క చక్రాల బండికి వెడల్పెక్కువ. కాలవ గట్ల మీద ఎదురుగా ట్రాక్టరొస్తే అంచు దిగలేను, ఒరిగిపోతుంది. మనవాళ్లు గౌతమి దాటడానికి ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి కోటిపల్లిలో దిగుతారు. ఒడ్డున ఇసుక, ఎక్కడానికి బల్లలు, నా పక్క చక్రాలు బల్లల మీద పట్టవు. కాబట్టి కాకినాడ వెళ్లాలంటే నాకు ఎదుర్లంక–యానాం వంతెనే గతి. బాలయోగి గారి పేరు పెట్టిన ఆ వంతెన 2002లో తెరిచారు. దాని మీద బండి ఆపి గోదావరి చూడటం నాకు ఇప్పుడున్న సరదాల్లో ఒకటి. వెనకాల హారన్లు కొడతారు. కొట్టనివ్వండి.

ఆఫీసుల ర్యాంపుల గురించి ఒక్క మాట. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చాక చాలాచోట్ల కట్టారు, కాదనను. నేను వెళ్లిన ఒక ఆఫీసులో ర్యాంపు ఎక్కాక పైన ఒక మెట్టుంది. ఇంకోచోట ర్యాంపు నిండా మోటారు సైకిళ్లు. మూడోచోట అన్నీ బాగున్నాయి, సంతకం పెట్టే అధికారి మాత్రం మేడ మీద. ఈ ర్యాంపులు కట్టినవాళ్లని ఒక్కరోజు కుర్చీలో కూర్చోబెట్టాలి, అంతే.

పింఛను 2024 జూలై నుంచి నాబోటివాళ్లకి నెలకి 15,000 చేశారు. 2025లో డాక్టర్లు ఇంటికొచ్చి మళ్లీ పరీక్ష చేసి వెళ్లారు. కాళ్లు గిల్లి చూశారు. గిల్లుకోమన్నాను. గొట్టాలకి, మందులకి, అప్పు వడ్డీకి పోను ఇల్లు నడుస్తోంది. చెట్టెక్కేవాళ్లకి కొబ్బరి బోర్డు వారి కేర సురక్ష అనే బీమా ఉందని నాకు వెల్లూరులో ఒక మలయాళీ రోగి చెప్పాడు. మాకెవరికీ తెలియదు. మా జట్టులో ఇరవై రెండేళ్లు పనిచేసి ఆ పేరు నేను వినలేదు.

ఇప్పుడు నేను చెట్టెక్కించేవాణ్ణి. రైతులు నాకు ఫోన్ చేస్తారు, నేను కుర్రాళ్లని కుదురుస్తాను, తోటలో బండి మీద కూర్చుని కాయ లెక్క రాస్తాను. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకి మొదటి రోజు ఒక పాఠం చెబుతాను. ఎవడైనా పడితే చంకల కింద చెయ్యి వేయకండి. కూర్చోబెట్టకండి. నీళ్లు తాగించకండి. మెడ, నడుం కదలకుండా ఒకడు తల పట్టుకోండి, 108కి ఫోన్ కొట్టండి. వాళ్లొచ్చేదాకా కదపకండి. కదపక తప్పకపోతే ముగ్గురు నలుగురు కలిసి, దుంగని దొర్లించినట్టు ఒక్క ఊపున పక్కకి దొర్లించి, గట్టి చెక్క మీదకి చేర్చండి.

చెక్క ఎక్కడిదని అడుగుతారు. మా బాత్రూంకి ఊడదీసిన తలుపు ఉంది. వేపచెక్క, రెండడుగుల వెడల్పు, ఆరుంపావు పొడవు. అరుగు మీద గోడకి ఆనించి ఉంటుంది. దింపు రోజు మా అబ్బాయి దాన్ని, కట్టడానికి అమ్మవి రెండు పాత చీరల్ని తోటకి చేరుస్తాడు. సాయంత్రం మళ్లీ తెచ్చి అక్కడే పెడతాడు. ఇప్పటిదాకా దాని అవసరం పడలేదు.